డీఆర్ సైట్ కొటేషన్ మీద సంతకం చేసే ముందు: ఒక మందుల పంపిణీ సంస్థకు సమాధానం

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం నడుపుతున్న మీ సంస్థలో 60 మంది పనిచేస్తున్నారనీ, 2024 సెప్టెంబరు వరదల్లో గోడౌన్ కింది అంతస్తు మునిగి తొమ్మిది రోజులు అమ్మకాలు ఆగిపోయాయనీ, ఇప్పుడు ఒక ఐటీ సంస్థ హైదరాబాద్‌లో డీఆర్ (డిజాస్టర్ రికవరీ) సైట్, అంటే ఇక్కడి సర్వరు ఆగితే దాని పని అందుకునే రెండో సర్వరు, ఏర్పాటు చేస్తామని కొటేషన్ ఇచ్చిందనీ, అది పెట్టుకుంటే ఇక దిగులు పడనక్కర్లేదా అనీ మీరు అడిగారు. ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం చేయవద్దన్నది నా సలహా. డీఆర్ సైట్ పనికిరానిదని నేను అనడం లేదు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బ్యాంకుల డేటా సెంటర్లలోనే గడిచింది కాబట్టి దాని విలువ నాకు తెలుసు. అయితే మీ ప్రశ్నలోనే ఒక మాట ఉంది: బిల్లింగ్ సర్వరు పై అంతస్తులో ఉండడం వల్ల దానికి చుక్క నీరు కూడా తగలలేదని. సర్వరు క్షేమంగా ఉండగానే వ్యాపారం తొమ్మిది రోజులు ఆగిందంటే, మరో సర్వరు హైదరాబాద్‌లో ఉన్నా ఆ తొమ్మిది రోజులూ ఆగే ఉండేది.

అప్పుడు మిమ్మల్ని ఆపినవి వేరు. కింది అంతస్తులోని స్టాకు తడిసింది, కరెంటు లేక కోల్డ్ రూమ్ ఆగి ఇన్సులిన్ పాడైంది, సింగ్‌నగర్ వైపు ఉండే ఉద్యోగులు తమ ఇళ్లలోనే నీళ్ల మధ్య చిక్కుకున్నారు, సరుకు పంపే ఆటోలకు దారి లేదు. కంప్యూటర్లను, డేటాను తిరిగి నిలబెట్టుకోవడం ఒక పని. కంప్యూటర్లున్నా లేకపోయినా మందులు ఆసుపత్రులకు, దుకాణాలకు చేరేలా చూసుకోవడం అంతకంటే పెద్ద పని. మీ ఐటీ సంస్థ మొదటి దానికి మాత్రమే ధర చెప్పింది. రెండోదాన్ని మీ తరఫున ఇంకెవరూ ఆలోచించరు, ఎందుకంటే అది కొని తెచ్చుకునే సరుకు కాదు, మీరు ముందుగా కూర్చుని తీసుకోవలసిన కొన్ని నిర్ణయాలు.

అందులో మొదటిది, ఏ పని ఎంతసేపు ఆగినా తట్టుకోగలరో తేల్చుకోవడం. దీన్ని యజమానుల గదిలో కూర్చుని రాస్తే ప్రతి పని ఎదురుగా 'వెంటనే' అనే పడుతుంది. డిస్పాచ్ చూసే వారిని, కోల్డ్ రూమ్ చూసే వారిని, వసూళ్లకు తిరిగే వారిని విడివిడిగా అడగండి. అదీ 'ఎంతసేపటిలో కావాలి' అని కాకుండా, 'ఉదయం పది గంటలకు ఇది ఆగిపోతే మధ్యాహ్నానికి ఏమవుతుంది, రాత్రికి ఏమవుతుంది, రేపటికి ఏమవుతుంది' అని అడగండి. మీ వ్యాపారంలో రాబోయే జవాబులు దాదాపు ఇలా ఉంటాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన ఇన్సులిన్, వ్యాక్సిన్ల చల్లదనం కొన్ని గంటలు తప్పినా స్టాకు నష్టమే. ఆసుపత్రుల అత్యవసర ఆర్డర్లు అదే రోజు వెళ్లాలి, లేకపోతే వారు ఇంకో స్టాకిస్టును వెతుక్కుంటారు, మళ్లీ మీ దగ్గరకు రాకపోవచ్చు. మామూలు దుకాణాల ఆర్డర్లు ఒక రోజు ఆగుతాయి. వసూళ్లు వారం ఆగినా ఇబ్బందే గానీ ప్రమాదం కాదు, నెలాఖరు తప్ప. జీతాల లెక్క నెలలో ఇరవై ఐదు రోజుల పాటు ఎవరికీ పట్టదు, మిగిలిన అయిదు రోజులు అందరికీ పడుతుంది. ఇలా రాసుకున్న తర్వాత చూస్తే, సర్వరు అన్నిటికంటే ముందు కావలసిన వస్తువు కాదని మీకే కనిపిస్తుంది. మొదటి స్థానం కోల్డ్ రూమ్ జనరేటరుది.

ఐటీ వారు ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్), ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్) అని రెండు అంకెలు అడుగుతారు. ఆగిన వ్యవస్థ ఎంతసేపటిలో తిరిగి పనిచేయాలన్నది మొదటిది. వెనక్కి వెళ్లి చూస్తే ఎంతసేపటి డేటా పోయినా భరించగలమన్నది రెండోది. ఈ రెండూ తగ్గేకొద్దీ ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. మీ బిల్లింగ్ ఎనిమిది గంటలు ఆగినా కాగితం మీద నడపగలిగితే, పోయిన గంట బిల్లులను ఆర్డరు చీటీలు చూసి తిరిగి ఎక్కించుకోగలిగితే, నిమిషాల్లో మారిపోయే డీఆర్ సైట్‌కు డబ్బు పెట్టవలసిన అవసరం ఎక్కడుందో ఆ కొటేషన్ ఇచ్చిన వారు చెప్పాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలకు వాటి నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నియమాల్లో ఈ అంకెలు నిమిషాల్లో ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఒక నిమిషం ఆగితే దేశమంతా నష్టం. మీరు ఎక్స్ఛేంజీ కాదు.

తర్వాతి పని ప్రమాదాల జాబితా. ఇక్కడ చాలామంది కన్సల్టెంట్లు వరద, తుపాను, భూకంపం, అగ్నిప్రమాదం, ఉగ్రవాదం అంటూ కారణాలను వరుసగా రాసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం చొప్పున లావుపాటి ఫైలు తయారుచేసి ఇస్తారు. అటువంటి ఫైళ్లు నేను చాలా చూశాను. వాటిలో మొదటి పేజీలో ఉండే కమిటీ సభ్యుల పేర్లలో సగం మంది అప్పటికే ఉద్యోగం మానేసి ఉంటారు. కారణాన్ని బట్టి కాకుండా, పోయేదేమిటన్న దాన్ని బట్టి ఆలోచించడం మేలు. చోటు పోతుంది, కరెంటు, ఫోన్లు పోతాయి, మనుషులు రాలేకపోతారు, డేటా పోతుంది, మీరు ఆధారపడిన మరో సంస్థ ఆగిపోతుంది. ఈ అయిదింటికీ జవాబు ఉంటే కారణం ఏదైనా పెద్ద తేడా ఉండదు.

కారణాలను ఊహించడంలో మనం ఎంత పొరపడతామో మీ ఊరే చూపించింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు అందరి చూపూ కృష్ణ మీదే ఉంది. సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మాత్రం అంతకు ముందురోజే బుడమేరు వాగుకు పడిన గండ్లతో మునిగిపోయి ఉన్నాయి. కృష్ణ కరకట్టను బట్టి ప్రణాళిక రాసుకున్నవారికి అది ఎందుకూ పనికిరాలేదు. 'కింది అంతస్తు వాడుకోలేని పరిస్థితి వస్తే' అని రాసుకున్నవారికి నీరు ఏ వైపు నుంచి వచ్చినా ఒకటే.

మనుషులు రాలేకపోవడం గురించి ఒక ఉదాహరణ చెప్పాలి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో 'ది హిందూ' పత్రిక డిసెంబరు 2న అచ్చు కాలేదు. 1878లో మొదలైన ఆ పత్రికకు చెన్నైలో అలా జరగడం అదే మొదటిసారి. కారణం, నగరం బయట మరైమలై నగర్‌లో ఉన్న ముద్రణాలయానికి సిబ్బంది చేరుకోలేకపోవడం. మీ ఉద్యోగుల ఇళ్లు ఏ ప్రాంతాల్లో ఉన్నాయో ఒక మ్యాపు మీద చుక్కలు పెట్టి చూడండి. కోల్డ్ రూమ్ తెరవగలిగే ఇద్దరూ ఒకే కాలనీలో ఉంటే, ఆ కాలనీకి దారి తెగిన రోజు మీకు కోల్డ్ రూమ్ లేనట్టే. తాళం చెవి, పని రెండూ తెలిసిన మూడో మనిషి ఊరి అవతలి వైపు ఉండాలి.

కరెంటు, ఫోన్లు ఒకేసారి పోవడం విశాఖ వారికి బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటిన తర్వాత స్తంభాలు కూలి కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, విమానాశ్రయం దెబ్బతిని మూతపడింది. జనరేటర్లున్నవారికి కూడా ఒకటి రెండు రోజుల తర్వాత డీజిల్ సమస్యే, ఎందుకంటే కరెంటు లేనిచోట బంకులు సరిగా నడవవు, నడిచేచోట వరుసలు కిలోమీటర్లు ఉంటాయి. కాబట్టి 'ప్రమాదం జరిగితే వాట్సాప్ గ్రూపులో సమాచారం ఇస్తాం' అన్న వాక్యం మీ ప్రణాళికలో ఉంటే కొట్టేయండి. ఫోన్లు పనిచేయకపోతే ఎవరు ఏ గంటకు ఎక్కడికి రావాలో ముందే తేల్చుకుని, ఒక కాగితం మీద అచ్చు వేయించి ప్రతి ఒక్కరి ఇంట్లో ఉంచాలి. కొంత నగదు కూడా విడిగా ఉండాలి. ఏటీఎం, యూపీఐ రెండూ లేని రోజున డీజిల్‌కు, ఆటోలకు నోట్లే కావాలి.

జనరేటరు విషయంలో ఒక వివరం మీ ఎలక్ట్రీషియన్‌తో కలిసి స్వయంగా చూసుకోండి. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూయార్క్‌ను తాకినప్పుడు ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రిలో జనరేటర్లు పై అంతస్తుల్లో పెట్టినవే ఉన్నాయి. వాటికి ఇంధనం ఎక్కించే ఏర్పాటు మాత్రం నేలమాళిగలో ఉండి మునిగింది. సుమారు 300 మంది రోగులను చీకట్లో మెట్ల మీదుగా దింపి వేరే ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. అదే నగరంలో బ్రాడ్ వీధిలోని ఒక డేటా సెంటరును నిలబెట్టడానికి, పంపు మునిగిపోవడంతో, అక్కడి ఉద్యోగులు, ఖాతాదారు సంస్థల వారు కలిసి బకెట్లతో డీజిల్‌ను 17 అంతస్తులు మోసుకెళ్లారు. మీ గోడౌన్‌లో జనరేటరు ఎత్తు మీద ఉండడం ఒక్కటే చాలదు. కరెంటు మారే స్విచ్ ప్యానెల్, డీజిల్ ట్యాంకు, కోల్డ్ రూమ్ కంప్రెసరు, వాటి మధ్య వెళ్లే కేబుళ్లు కూడా గతసారి వచ్చిన నీటి గుర్తుకంటే పైన ఉన్నాయా అన్నది చూడాలి. గోడ మీద ఆ గుర్తు ఇంకా ఉండే ఉంటుంది; సున్నం వేసే ముందు కొలిచి పెట్టుకోండి.

ఇక చోటు పోవడం. మీ వ్యాపారానికి ప్రత్యేకమైన చిక్కు ఇక్కడ ఉంది, దీన్ని మీ ఐటీ సంస్థ ఊహించనైనా లేదు. మామూలు కిరాణా హోల్‌సేల్ అయితే గోడౌన్ మునిగితే బంధువుల షెడ్డులోకి సరుకు మార్చి మరుసటి రోజే అమ్ముకోవచ్చు. మందుల హోల్‌సేల్ లైసెన్సులు, అంటే మీ దగ్గరున్న ఫారం 20బీ, 21బీ, ఫలానా చిరునామాలోని ఫలానా ఆవరణకే చెల్లుతాయి. వేరే చోట స్టాకు పెట్టి అమ్మాలంటే ఆ చోటుకు విడిగా లైసెన్సు కావాలి, అక్కడ నిల్వ వసతి, బాధ్యత తీసుకునే అర్హుడైన వ్యక్తి ఉండాలి. వరద వచ్చిన తర్వాత దరఖాస్తు పెట్టుకునే వ్యవహారం కాదిది. అందుకని హైదరాబాద్‌లో సర్వరు కంటే, గుంటూరులోనో ఏలూరులోనో లైసెన్సు ఉన్న ఒక చిన్న రెండో గోడౌన్ మీకు ఎక్కువ రక్షణ ఇస్తుంది. అంత ఖర్చు వద్దనుకుంటే, అటువైపు ఉన్న మరో స్టాకిస్టుతో ముందుగానే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి: మీకు దారి లేని రోజుల్లో మీ ఆసుపత్రుల ఆర్డర్లను ఆయన తన లైసెన్సు మీద, తన బిల్లు మీద సరఫరా చేస్తారు, ఆయనకు ఇబ్బంది వచ్చినప్పుడు మీరు అదే చేస్తారు. పోటీదారుతో అటువంటి ఒప్పందమా అని సందేహిస్తారేమో. ఆసుపత్రి మీ చేతి నుంచి పూర్తిగా జారిపోవడం కంటే, మీరే కుదిర్చిన మనిషి నాలుగు రోజులు చూసుకోవడం నయం.

కోల్డ్ రూమ్ ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు జరిగే ఒక తప్పు గురించి కూడా ఇక్కడే చెబుతాను. కంగారులో ఇన్సులిన్ పెట్టెలను ఫ్రీజరు నుంచి అప్పుడే తీసిన ఐసు ప్యాకులకు ఆనించి సర్దుతారు. వేడికి పాడవకుండా కాపాడామనుకుంటారు గానీ, గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా వాడకూడదు. ఐసు ప్యాకులను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీరు కదిలే స్థితికి వచ్చాకనే పెట్టెల్లో పెట్టాలి, మందుకూ వాటికీ మధ్య అట్ట ఉండాలి, ప్రతి పెట్టెలో ఉష్ణోగ్రత నమోదయ్యే లాగరు ఉండాలి. ఆ లాగరు చూపించే లెక్క లేకపోతే, స్టాకు బాగానే ఉందని మీరెంత చెప్పినా కంపెనీ తిరిగి తీసుకోదు, ఆసుపత్రి నమ్మదు.

ఇప్పుడు డేటా. దీని మీద ఎక్కువసేపు ఉండక తప్పదు, ఎందుకంటే 'మాకు రోజూ బ్యాకప్ అవుతుంది' అన్న ఒక్క వాక్యంతో మీరు దీన్ని దాటేశారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వరులోనే సుమారు 300 గిగాబైట్ల డేటా తొలగించారు. తిరిగి తెచ్చుకోవడానికి వారికి అయిదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. చూస్తే ఏదీ సరిగా పనిచేయడం లేదు. రోజూ తీసే బ్యాకప్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని మీద చేత్తో తీసిన ఒక ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు వాడే సంస్థ పరిస్థితి అది. వారు జరిగినదంతా బహిరంగంగా రాశారు కాబట్టి మనకు తెలిసింది.

ప్రతులన్నీ ఒకే చోట ఉండడం మరో ప్రమాదం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, కొందరు ఖాతాదారుల బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉండి రెండూ పోయాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల నుంచి మంటలు లేచి 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల జీ-డ్రైవ్‌కు బయట ఎక్కడా ప్రతి లేదు. పరిమాణం మరీ పెద్దది కాబట్టి బ్యాకప్ తీయలేదన్నది వారిచ్చిన వివరణ. మీ డేటా మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. కాబట్టి మీకు ఆ సాకు కూడా లేదు.

మూడోది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను తెరుచుకోకుండా బిగించి, విడిపించడానికి డబ్బు అడిగే దాడి. వరద ఇరవై ఏళ్లకు ఒకసారి రావచ్చు, ఇది ఏ మంగళవారమైనా రావచ్చు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు ఇలా బిగుసుకుపోయినప్పుడు, అంత పెద్ద ఆసుపత్రి దాదాపు రెండు వారాలు రోగుల నమోదు నుంచి పరీక్షల ఫలితాల వరకు కాగితాల మీద నడిచింది. సర్వరుకు ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్కులో బ్యాకప్ ఉంటే, సర్వరుతో పాటు అదీ బిగుసుకుంటుంది. తనంతట తాను క్లౌడ్‌లోకి ఎక్కే ఫోల్డరైతే పాడైన ఫైళ్లనే భక్తిగా పైకి ఎక్కిస్తుంది. అందుకే ఒక ప్రతి తీగ తీసేసి బీరువాలో ఉండాలి, మరొకటి వేరే ఊళ్లో లేదా పాత ప్రతులను ఎవరూ చెరపలేని ఏర్పాటున్న క్లౌడ్‌లో ఉండాలి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడిలో మెర్స్క్ నౌకా సంస్థ ప్రపంచమంతటా తన సర్వర్లు కోల్పోయి, వేల కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి నిలబెట్టుకోవలసి వచ్చింది. యూజర్ల ఖాతాలు, అనుమతులు అన్నీ నడిపించే కీలకమైన సర్వరు ఒక్కటంటే ఒక్కటి మిగిలింది, అదీ ఘానాలో. దాడి సమయంలో అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేకపోవడమే దానికి కారణం. అంత అదృష్టం మీద ఆధారపడకుండా, తీగ తీయడం మీరే చేయండి.

బ్యాకప్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక్క మార్గం, దాన్ని వెనక్కి తెచ్చి చూడడం. ఒక ఆదివారం ఏ సాఫ్ట్‌వేరూ లేని ఖాళీ కంప్యూటరు ఒకటి తెప్పించి, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలపకుండా, మీ దగ్గర కంప్యూటర్ల పని తెలిసిన ఇద్దరిలో రెండో మనిషిని కూర్చోబెట్టండి. మొదటి మనిషి పక్కనే ఉండి నోరు మెదపకూడదు, కాగితం మీద సమయాలు మాత్రమే రాయాలి. ఆ పూట ఏం బయటపడుతుందో నేను ఇప్పుడే చెప్పగలను, ఎందుకంటే అన్ని సంస్థల్లోనూ కొంచెం అటూ ఇటూగా ఇవే బయటపడతాయి. బ్యాకప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ రాసిన నోట్ అసలు సర్వరులోనే ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత యంత్రానికి ముడిపడి ఉంటుంది లేదా దాని వెనక గుచ్చిన డాంగిల్ (పెన్‌డ్రైవ్‌లా ఉండే లైసెన్సు తాళం) లేకుండా తెరుచుకోదు. అమ్మినవారి నంబరు ఆదివారం ఎత్తరు. ఫైలు మీద నిన్నటి తేదీ ఉంటుంది గానీ, తెరిచి చూస్తే చివరి బిల్లు మూడు నెలల కిందటిది, ఎందుకంటే ఎప్పుడో డేటా ఫోల్డరు మార్చినప్పుడు బ్యాకప్‌కు కొత్త దారి చెప్పలేదు. అవన్నీ దాటి బిల్లు తెర వచ్చాక, ఈ-ఇన్‌వాయిస్ కోసం పోర్టల్‌లోకి వెళ్తే ఓటీపీ యజమాని గారి ఫోనుకు వస్తుంది, ఆయన ఆ సమయానికి తిరుమలలో ఫోను క్లోక్‌రూమ్‌లో పెట్టి క్యూలో ఉంటారు. డిజిటల్ సంతకం టోకెన్ ఆడిటరు గారి సొరుగులో ఉంటుంది. సర్వరుకు ఎంత ఖర్చుపెట్టినా ఓటీపీ వచ్చే సిమ్ ఒక్కటే అయితే, మీ సంస్థ ఆ సిమ్ మీద నిలబడి ఉన్నట్టు. ఆ పోర్టళ్లలో రెండో అధీకృత వ్యక్తిని వేరే నంబరుతో నమోదు చేయించడానికి పైసా ఖర్చు కాదు.

ఆ సాధన రెండు గంటల్లో ముగిస్తే నేను ఆశ్చర్యపోతాను. మొదటిసారి సాయంత్రం దాకా పట్టినా ఫరవాలేదు. ఎంత పట్టిందో అదే మీ నిజమైన ఆర్‌టీఓ. దాన్ని రాసి పెట్టుకుని, అడ్డుపడిన వాటిని సరిచేసి, ఆరు నెలల తర్వాత మళ్లీ చేయండి.

కంప్యూటరు లేని గంటల్లో అమ్మకం ఎలా సాగుతుందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. విడి వరుస నంబర్లతో అచ్చు వేసిన చలాను పుస్తకాలు ఉంచుకోండి. రోజువారీ బిల్లుల వరుసతో అవి కలవకూడదు, లేకపోతే తర్వాత జీఎస్టీ లెక్కల్లో పడే తిప్పలు వరదకంటే ఎక్కువ రోజులుంటాయి. సరుకు బయటికి వెళ్లే సమయానికి ఇన్‌వాయిస్ ఇవ్వలేని పరిస్థితిలో డెలివరీ చలాను మీద పంపి, తర్వాత ఇన్‌వాయిస్ ఇవ్వడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. మీ టర్నోవరుకు అది ఎలా వర్తిస్తుందో ఆడిటరు చేత ఒక పేజీ రాయించుకుని చలాను పుస్తకంలోనే అంటించండి. చలానులో బ్యాచ్ నంబరుకు ఒక గడి తప్పనిసరిగా ఉండాలి. హడావిడిలో అందరూ వదిలేసేది దాన్నే. తర్వాత ఆ బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి పిలిస్తే అది ఏ దుకాణానికి వెళ్లిందో చెప్పలేరు.

ఇతరుల మీద ఆధారపడడం గురించి క్లుప్తంగా. 2024 జులై చివర చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, యూపీఐ వంటి చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ ముందుజాగ్రత్తగా ఆ సంస్థను తన వ్యవస్థ నుంచి వేరుచేసింది. దాని మీద ఆధారపడిన దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. వాటిలో ఏ బ్యాంకు సర్వరూ చెడిపోలేదు. మీ వసూళ్లన్నీ ఒకే బ్యాంకు ఖాతాలోకి వస్తుంటే వేరే బ్యాంకులో రెండో ఖాతా తెరిచి, అది వాడుకలో ఉండేలా నెలకు కొన్ని చెల్లింపులు దాని ద్వారా జరపండి.

వీటన్నిటికంటే కష్టమైనది 'ఇప్పుడు మారుదాం' అని అనవలసిన మనిషిని నిర్ణయించడం. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో టెలికాం లింకుల్లో లోపం వచ్చి ఉదయం 11:40కి ట్రేడింగ్ ఆగింది, మధ్యాహ్నం 3:45కు గానీ తిరిగి మొదలవలేదు. చెన్నైలో పూర్తిస్థాయి డీఆర్ సైట్ ఉంది. దానికి మాత్రం మారలేదు. ఇటువంటి సమయాల్లో లోపల ఏం జరుగుతుందో డేటా సెంటర్లలో పనిచేసినవారందరికీ తెలుసు. ఇంకో పది నిమిషాల్లో సరిచేస్తామని ఇంజనీర్లు అంటూనే ఉంటారు, వారు అబద్ధమూ చెప్పరు. ఆ పది నిమిషాలు ఒకదాని వెనక ఒకటి చేరి మధ్యాహ్నం అవుతుంది. ఆ తర్వాతి నెలలో సెబీ నియమాలు బిగించి, కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో దాన్ని విపత్తుగా ప్రకటించాలనీ, ప్రకటించాక 45 నిమిషాల్లో డీఆర్ నుంచి నడపాలనీ చెప్పింది. ఇక్కడ అసలైన మార్పు ఆ 30 నిమిషాలే, ఎందుకంటే నిర్ణయాన్ని మనిషి ఊగిసలాట నుంచి తప్పించి గడియారానికి అప్పగించింది.

మీరూ అదే చేయండి. ఉదాహరణకు, ఉదయం 9:30కు బిల్లింగ్ రాకపోతే ఎవరినీ అడగకుండా చలాను పుస్తకాలు తీయాలి. కోల్డ్ రూమ్ 8 డిగ్రీలు దాటి పావుగంట అయితే పెట్టెల్లోకి సర్దడం మొదలుపెట్టాలి. కింది అంతస్తు గుమ్మం దగ్గర నీరు కనిపించినా, బుడమేరు మీద అధికారిక హెచ్చరిక వచ్చినా, ఖరీదైన స్టాకు ముందుగా పైకి వెళ్లాలి. ఏ అరలు ముందు అన్నది ఎర్ర రంగు చీటీలతో ఇప్పుడే గుర్తుపెట్టి ఉండాలి. ఈ నిర్ణయాలు తీసుకునేవారిగా ఒక పేరు, ఆ వ్యక్తి అందకపోతే రెండో పేరు, మూడో పేరు రాయండి. వారిలో ఉద్యోగులు కూడా ఉంటారు కాబట్టి, యజమానిని అడగకుండా ఎంత మొత్తం దాకా ఖర్చుపెట్టవచ్చో కూడా రాయండి. 'తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తారేమో' అన్న భయం ఉన్న మనిషి అర్ధరాత్రి రెండు లారీలు మాట్లాడడు.

బీమా గురించి మీరు అడగలేదు గానీ పాలసీ ఒకసారి తీసి చూడండి. ఆస్తి విలువ అయిదు కోట్ల నుంచి 50 కోట్ల లోపు ఉన్న సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ లఘు ఉద్యం సురక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది, వరద నష్టం అందులోకి వస్తుంది. వ్యాపారం ఆగిన రోజుల లాభం మాత్రం రాదు, దానికి విడి పాలసీ కావాలి. కోల్డ్ రూమ్ ఆగి పాడైన స్టాకుకు వేరే రక్షణ ఉందా అన్నది ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. సర్వేయరు వచ్చి అడిగేది ఆ రోజుకు గోడౌన్‌లో ఏ స్టాకు ఎంత ఉందన్న రుజువు. బయట భద్రంగా ఉన్న బ్యాకప్ అప్పుడు కూడా పనికొస్తుంది.

తిరిగి కొటేషన్ విషయానికి వస్తే, ఆ ఐటీ సంస్థను నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు ఒప్పందంలో రాయించండి. హైదరాబాద్ సర్వరుకు మారే పని ఎవరు చేస్తారు, ఆదివారం రాత్రి కూడా చేస్తారా? ఏడాదికి రెండుసార్లు నిజంగా మారి, ఒక పూట అక్కడి నుంచే బిల్లులు కొట్టి చూపించడం ధరలో కలిసి ఉందా? వరద తగ్గాక, అక్కడ చేరిన కొత్త బిల్లులతో సహా తిరిగి విజయవాడ సర్వరుకు రావడం ఎలా? ఇక్కడి సర్వరు ర్యాన్సమ్‌వేర్‌తో పాడైతే ఆ పాడు డేటా క్షణాల్లో అక్కడికీ చేరకుండా ఏది ఆపుతుంది? చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి.

మీరు రాసిన పరిమాణాన్ని బట్టి చూస్తే, పాత ప్రతులను చెరపడానికి వీల్లేని క్లౌడ్ బ్యాకప్, బీరువాలో ఒక డిస్కు, మీ ఇంట్లో సిద్ధంగా ఉంచిన ఒక కంప్యూటరు, రెండో డాంగిల్ మీకు ప్రస్తుతానికి సరిపోతాయి. మిగిలే డబ్బుతో ముందు కోల్డ్ రూమ్‌ను, దాని ప్యానెల్‌ను పై అంతస్తుకు మార్చండి, ఆ తర్వాత రెండో చిరునామాకు లైసెన్సు దరఖాస్తు పెట్టండి. నైరుతి రుతుపవనాలు మొదలయ్యేలోపు మొదటిది పూర్తయ్యేలా చూసుకోండి.